దయ మీద ఆధారపడని అండ: గ్రామీణ స్వచ్ఛంద సంస్థల్లో పని వాతావరణం

(గ్రామీణ స్వచ్ఛంద సంస్థల నిర్వాహకులు, సమన్వయకర్తలు, క్షేత్ర కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ రోజు ఇక్కడికి వచ్చినవారిలో సంస్థలను స్థాపించి నడిపిస్తున్నవారు ఉన్నారు, ప్రాజెక్టుల బాధ్యత మోస్తున్న సమన్వయకర్తలు ఉన్నారు, రోజూ ఊళ్లలో తిరిగి పనిచేసే క్షేత్ర కార్యకర్తలూ ఉన్నారు. నేను చెప్పబోయే మాటల్లో ఎక్కువ భాగం నిర్వాహకులను ఉద్దేశించినవే. పని వాతావరణం బాగున్నా బాగాలేకపోయినా అనుభవించేది అందరూ, కాని దాన్ని మార్చగలిగే అధికారం ముందుగా ఉన్నది నిర్వాహకుల చేతుల్లోనే. కార్యకర్తలను కోరేది ఒక్కటే: నా మాటల్లో మీ అనుభవానికి పొసగనిది ఏదైనా ఉంటే చివర్లో లేచి తప్పకుండా చెప్పండి.

ముందుగా ఒక ప్రశ్న. మీ సంస్థలో సిబ్బందికి అండ ఉందా అని అడిగితే ఏం చెబుతారు? చాలామంది నిర్వాహకులు "మా దగ్గర అందరం కలిసిమెలిసి ఉంటాం, ఎవరికి కష్టమొచ్చినా ఆదుకుంటాం" అంటారు. అది నిజమే, కాదని నేను అనను. కాని నా ప్రశ్న ఇంకాస్త ముందుకు వెళ్తుంది. మీరు ఒక నెలపాటు సంస్థలో లేకపోతే ఆ అండ ఉంటుందా? మీతో చనువు లేని కార్యకర్తకు, మీటింగులో ఒకసారి మీ మాట కాదన్న కార్యకర్తకు, ఆఫీసుకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఊళ్లో ఒంటరిగా పనిచేస్తున్న కొత్త కార్యకర్తకు అదే అండ దొరుకుతుందా? దొరకకపోతే, అది మీరు వ్యక్తిగతంగా చూపించే దయ మాత్రమే. దయ మంచిదే. కాని దయ మీద ఎవరికీ హక్కు ఉండదు. దయ పొందాలంటే ముందు చనువు సంపాదించాలి, తర్వాత అడగాలి, అడిగినందుకు రుణపడాలి. ఒక ఏర్పాటు ఉంటే అలా కాదు; అడగడానికి బిడియపడేవారికి కూడా అది అందుతుంది. ఈ తేడా గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

సేవా సంస్థల్లో పనిచేసేవాళ్లు అలసిపోవడం, విసిగిపోవడం, చివరికి వెళ్లిపోవడం ఈ మధ్య మొదలైన సంగతి కాదు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇప్పుడు మనమంతా బర్నవుట్ అంటున్న స్థితిని వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. ఆయన దాన్ని ఎక్కడ గమనించారో తెలుసా? పెద్ద కంపెనీల్లోనో, కర్మాగారాల్లోనో కాదు. న్యూయార్కులో స్వచ్ఛంద కార్యకర్తలతో నడిచే ఒక ఉచిత వైద్యశాలలో. పగలు తన ప్రాక్టీసు ముగించుకుని, రాత్రి పొద్దుపోయేదాకా ఆయన కూడా అక్కడ పనిచేసేవారు. ఈ స్థితికి ఎక్కువగా లోనయ్యేది ఎవరన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు మనం గుర్తుంచుకోవాలి: అంకితభావంతో పనిచేసేవాళ్లే. ఎదుటివాళ్లకు ఎంత అవసరమైతే అంత ఇవ్వాలనుకునేవాళ్లు, కాదు అనడం చేతకానివాళ్లు. ఇంటర్వ్యూల్లో మనం వెతికేది సరిగ్గా ఇలాంటివాళ్లనే కదా? వెతికి మరీ ఉద్యోగంలోకి తీసుకుంటాం. తీసుకున్నాక ఆ అంకితభావమే వాళ్లను నిలబెడుతుందని అనుకుని వదిలేస్తాం.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ఈ స్థితికి నిర్వచనం ఇచ్చింది. దాన్ని వ్యాధిగా లెక్కించలేదు. పనిచేసే చోట చాలాకాలం సాగిన ఒత్తిడిని సరిగా సంబాళించకపోవడం వల్ల వచ్చే స్థితి అని చెప్పింది. మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, పనికి మనసు దూరమై వైముఖ్యం కలగడం, తన వల్ల ఏమీ కావడం లేదన్న భావన. ఈ రెండో లక్షణాన్ని గమనించండి. నాలుగేళ్ల క్రితం ఊళ్లో ప్రతి ఇంటి సంగతీ ప్రేమగా చెప్పిన కార్యకర్త ఇప్పుడు "వీళ్లు మారరండీ, ఎంత చెప్పినా ఇంతే" అంటున్నారనుకోండి. మనం ఏమంటాం? ఆ మనిషిలో సేవాభావం పోయింది అంటాం, మునుపటి నిబద్ధత లేదు అంటాం. కాని ఆ మాటలు స్వభావంలో వచ్చిన మార్పు కాకపోవచ్చు, నాలుగేళ్లుగా ఎవరూ పట్టించుకోని ఒత్తిడి పైకి కనిపిస్తున్న తీరు కావచ్చు. ఈ విషయాన్ని దశాబ్దాలపాటు అధ్యయనం చేసిన క్రిస్టీనా మాస్లాక్, ఆమెతో కలిసి పనిచేసిన మైకేల్ లైటర్, మనిషికీ పనికీ పొత్తు చెడే చోట్లు ఆరు చూపించారు. పని భారం, పని మీద తమకు ఉన్న అదుపు, ప్రతిఫలం, తోటివారితో సంబంధాలు, న్యాయం, విలువలు. ఈ ఆరింటిలోనూ సంస్థ చేతికి అందనిది ఒక్కటి కూడా లేదు.

సరే, ఇది అన్ని సంస్థలకూ వర్తించే మాట. గ్రామీణ సంస్థ సంగతి వేరుగా ఎందుకు మాట్లాడుకోవాలి? పట్నంలో ఆఫీసు ఉద్యోగి సాయంత్రం పని ముగించుకుని పనికి దూరంగా వెళ్తారు. దారిలో ఎదురయ్యేవాళ్లకు ఆయన ఉద్యోగం ఏమిటో కూడా తెలియదు. పల్లెలో పనిచేసే కార్యకర్త ఎక్కడికి వెళ్తారు? పనిచేసే ఊళ్లోనే ఉంటారు, లేదా పక్క ఊళ్లో. పొద్దున కార్యక్రమంలో కలిసినవాళ్లే రాత్రి తలుపు తడతారు. ఊరికి కొన్ని ఇళ్లకు మాత్రమే సాయం చేయగలమని ఆఫీసులో కూర్చుని మనం నిర్ణయిస్తాం. జాబితాలో పేరు లేనివాళ్ల కోపం మాత్రం మన దగ్గరికి రాదు, ఆ కార్యకర్త గుమ్మం దగ్గరికి వెళ్తుంది. ఆ కార్యకర్త ఆ ఊరి మనిషే అయితే ఇంకా కష్టం: జాబితాలో లేనివాళ్లలో చుట్టాలు ఉంటారు, ఇరుగుపొరుగు ఉంటారు, పాత తగాదాలు ఉంటాయి. మన ప్రాజెక్టు మూడేళ్లకు ముగుస్తుంది. ఆమె ఆ ఊళ్లో బతుకంతా ఉండాలి.

అందుకని నిర్వాహకులను ఒకటి అడుగుతాను. లబ్ధిదారుల ఎంపికకు కొలమానాలు ఏమిటో, ఎవరు నిర్ణయించారో, అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలో ఊరందరి ముందు ఆఫీసు తరఫున బాధ్యులు వచ్చి చెప్పారా? లేక ఆ మాట కార్యకర్త నోటితోనే చెప్పించారా? కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు పై అధికారి స్వయంగా వెళ్లి కార్యకర్త పక్కన నిలబడడం కంటే పెద్ద అండ నాకు తెలిసి ఇంకొకటి లేదు. దానికి డబ్బు ఖర్చు కాదు. ఒక రోజు ప్రయాణం, కాస్త ధైర్యం కావాలి, అంతే.

ఇప్పుడు మన సంస్థల్లో చాలా ఇష్టంగా వాడే ఒక మాట గురించి. "మనమంతా ఒక కుటుంబం." ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఈ మాట అనే ఉంటారు, ప్రేమతోనే అని ఉంటారు. కాని ఆ మాట ఎప్పుడు వినిపిస్తుందో గమనించండి. జీతం ఆలస్యమైనప్పుడు వినిపిస్తుంది. సెలవు రోజున పనికి రమ్మన్నప్పుడు వినిపిస్తుంది. ఒకరి పని ఇంకొకరి మీద పడినప్పుడు వినిపిస్తుంది. కార్యకర్త సెలవు అడిగినప్పుడు, పని గంటలు ఎన్ని అని అడిగినప్పుడు, నియామక పత్రం కావాలని అడిగినప్పుడు వినిపిస్తుందా? ఆత్మీయత వద్దని నేను చెప్పడం లేదు, దూరదూరంగా పనిచేసేవాళ్లకు ఆత్మీయత చాలా అవసరం. కాని ఆత్మీయత రాతకోతలకు బదులు కాకూడదు. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఉండాలి. పని ఏమిటో, ఎవరికి జవాబు చెప్పాలో, ఎన్ని సెలవులో, ప్రయాణ ఖర్చులు ఎలా ఇస్తారో, ఫిర్యాదు ఎవరికి చేయాలో అందులో వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. దాతలకు పంపే భాషలో కాదు. రాసి ఉన్న నియమం అందరికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది గొంతెత్తలేని మనిషికి. ధైర్యం ఉన్నవాళ్లు ఎలాగూ అడిగి తీసుకుంటారు.

కాసేపు రివ్యూ మీటింగు దగ్గర ఆగుదాం. ఒక సంస్థ సంస్కృతి తెలుసుకోవాలంటే గోడ మీద రాసిన ఆశయాలు చూడనవసరం లేదు, నెలవారీ రివ్యూ మీటింగులో ఒక గంట కూర్చుంటే చాలు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు నోట్‌బుక్కులోకి తల దించుకుని కూర్చున్నారు, టార్గెట్ చేరని కార్యకర్త పేరు ఎలా పిలుస్తున్నారు? ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను అధ్యయనం చేసి 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న బృందాల్లో మందులు ఇవ్వడంలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరమైనా అనుకుంటాం. లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. కారణం ఏమిటి? వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, చేసినవాటిని దాచకుండా చెప్పడం. నాయకులంటే భయం ఉన్న చోట తప్పులు జరుగుతూనే ఉన్నాయి, బయటికి రావడం లేదు.

ఇప్పుడు మన రివ్యూ మీటింగులను ఈ కళ్లతో చూడండి. అన్ని ఊళ్ల నుంచీ అన్ని నెలలూ మంచి అంకెలే వస్తున్నాయంటే సంతోషించాలా, అనుమానించాలా? గ్రామీణ సంస్థలో ఈ ప్రశ్న ఇంకా బరువైనది. ఆసుపత్రిలో పై అధికారి అదే అంతస్తులో ఉంటారు. మన పని జరిగే చోటు ఆఫీసుకు చాలా దూరం. ఆ ఊళ్లో సమూహం సమావేశాలు ఆగిపోయాయని, ఇచ్చిన పంపు పనిచేయడం లేదని, శిక్షణకు సంతకాలు వచ్చాయి గాని మనుషులు రాలేదని కార్యకర్త చెబితే తప్ప మనకు తెలిసే దారి లేదు. అంటే భయపెట్టే సంస్థ సిబ్బందిని బాధపెట్టడమే కాదు, తన పని గురించి తానే గుడ్డిదవుతుంది. చెడ్డ వార్త తెచ్చినవారికి మీరు ఇచ్చే మొదటి జవాబు ఏమిటి? "ఎందుకు ఇలా అయింది" అని అడిగితే కార్యకర్త సంజాయిషీ వెతుక్కుంటారు. "ఏం జరిగింది, నీకేం కావాలి" అని అడిగితే విషయం చెబుతారు. మీటింగులో మొదటి అరగంట టార్గెట్ల జోలికి పోకుండా, ఈ నెల ఎక్కడ ఇబ్బంది పడ్డామో చెప్పుకోవడానికి కేటాయించండి. ఆ అరగంటను సమన్వయకర్తే తన ఇబ్బందితో మొదలుపెట్టాలి. పైవాళ్లు నోరు విప్పకుండా కిందివాళ్లు విప్పరు.

టార్గెట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1979లో రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు పని ఒత్తిడి గురించి ఒక నమూనా ప్రతిపాదించారు. పని ఎక్కువగా ఉండడం ఒక్కటే మనిషిని కుంగదీయదు. పని ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నప్పుడు ఒత్తిడి తీవ్రమవుతుంది. క్షేత్ర కార్యకర్త పరిస్థితి చాలాచోట్ల ఇదే. ఏ రోజు ఏ ఊరు వెళ్లాలో ఆఫీసు చెబుతుంది, ఏ ఫారం నింపాలో ఆఫీసు చెబుతుంది, ఒకే వివరాలు మూడు ఫారాల్లో మూడుసార్లు అడుగుతుంది. కోతల రోజుల్లో మధ్యాహ్నం మీటింగు పెడితే ఎవరూ రారని కార్యకర్తకు తెలుసు, తేదీ మార్చే అధికారం మాత్రం లేదు. రాకపోతే మాట పడేది కార్యకర్తే. ఇది మార్చడం కష్టమా? వారానికి చేయాల్సిన పని సంస్థ చెప్పాలి, ఏ రోజు, ఏ వేళ, ఏ పద్ధతిలో అన్నది కార్యకర్తకు వదిలేయాలి. ప్రతి ఏడాదీ ఫారాలన్నీ బల్ల మీద పరిచి, గత ఏడాది ఎవరూ చదవని ఫారం ఏదో చూసి తీసేయాలి. రాత్రి వేళ వాట్సాప్ గ్రూపులో "అర్జెంటు, రేపు పొద్దున్నకల్లా పంపండి" అన్న సందేశాలు ఎందుకు వస్తున్నాయో ఆలోచించాలి. చాలాసార్లు ఆ అర్జెంటు దాత దగ్గర పుట్టింది కాదు, మన ఆఫీసులో వారం రోజులు ఆగి అర్జెంటు అయింది.

డబ్బు గురించి మాట్లాడకుండా అండ గురించి మాట్లాడితే అది మర్యాద మాటే అవుతుంది. కార్యకర్త తన జేబులోంచి బస్సుకో పెట్రోలుకో ఖర్చు పెట్టి, బిల్లులు పెట్టి, రెండు నెలలు ఎదురు చూస్తున్నారంటే ఏమిటి అర్థం? సంస్థలో అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి సంస్థకు అప్పు ఇస్తున్నారని అర్థం. నెల మొదట్లోనే ప్రయాణ అడ్వాన్సు ఇవ్వండి, నెలాఖరున లెక్క చూసుకోండి. దీనికి మించిన సంస్కరణ ఏదీ అక్కర్లేదు. జీతాల విషయంలో మాత్రం సమస్య అంతా మన గడప లోపలే లేదు. 2009లో ఆన్ గాగిన్స్ గ్రెగరీ, డాన్ హోవర్డ్ అనే ఇద్దరు ఒక విషవలయాన్ని స్పష్టంగా వివరించారు: సంస్థ నడపడానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో దాతలకు సరైన అంచనా ఉండదు, దాతలు మెచ్చాలని సంస్థలు ఆ ఖర్చు తగ్గించి చూపిస్తాయి, ఆ తగ్గించిన అంకె చూసి దాతలు అదే సరిపోతుందని నమ్ముతారు, మరుసటి ఏడాది ఇంకా తక్కువ ఆశిస్తారు. ఈ వలయంలో చివరికి నలిగేది ఎవరు? శిక్షణకు డబ్బు లేదు, పర్యవేక్షణకు డబ్బు లేదు, ప్రసూతి సెలవులో ఉన్నవారి బదులు ఇంకొకరిని పెట్టడానికి డబ్బు లేదు. కాబట్టి ప్రతిపాదన రాసేటప్పుడే సిబ్బంది బాగోగులకు అయ్యే ఖర్చును ప్రాజెక్టు ఖర్చులో భాగంగా రాయండి. కొందరు దాతలు ఒప్పుకోరు. కొందరు ఒప్పుకుంటారు. అడగకపోతే ఎవరు ఒప్పుకుంటారో కూడా తెలియదు.

భద్రత గురించి. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పని ప్రపంచంలో హింస, వేధింపుల నిర్మూలన కోసం 190వ ఒప్పందాన్ని ఆమోదించింది, అది 2021 జూన్‌లో అమలులోకి వచ్చింది. మీ దేశం దాన్ని ధ్రువీకరించిందా లేదా అన్నది వేరే సంగతి. అందులో పనిచేసే చోటును చూసిన తీరు మనకు ఉపయోగపడుతుంది. పని ప్రదేశం అంటే ఆఫీసు నాలుగు గోడలే కాదని ఆ ఒప్పందం చెబుతుంది: పని మీద చేసే ప్రయాణం, శిక్షణ శిబిరం, యజమాని ఇచ్చిన బస, ఇంటికీ పనికీ మధ్య రాకపోకలు, ఫోనులో పంపే సందేశాలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. జీతం తీసుకునే ఉద్యోగులే కాక స్వచ్ఛంద కార్యకర్తలు, శిక్షణలో ఉన్నవాళ్లు కూడా వస్తారు. ఇది మన పని స్వరూపమే కదా? చీకటి పడ్డాక చివరి బస్సు కోసం ఒంటరిగా నిలబడే మహిళా కార్యకర్త మీ సంస్థ పని ప్రదేశంలో ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టే. కాబట్టి సాయంత్రం సమావేశాలకు ఇద్దరు వెళ్లాలని, తిరుగు ప్రయాణం ఏర్పాటు కాకపోతే సమావేశం వాయిదా వేసే అధికారం ఆమెదేనని, వాయిదా వేసినందుకు ఎవరూ మాట అనకూడదని రాసి పెట్టండి. ఫిర్యాదు తీసుకునేవారిలో సంస్థకు బయటివారు ఒకరైనా ఉండాలి. చిన్న సంస్థలో అందరూ అందరికీ తెలుసు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో ఆ మనిషీ, ఫిర్యాదు వినాల్సిన మనిషీ ఒకరే కావడం మనం చూస్తూనే ఉన్నాం.

మనసు మీద పడే భారం సంగతి కూడా చెప్పాలి. మన కార్యకర్తలు పిల్లల మరణాలు చూస్తారు, ఇళ్లలో జరిగే హింస వింటారు, పంట పోయిన ఇళ్లలో కూర్చుంటారు. తర్వాత ఆ కథనాన్నే మూడు వాక్యాల్లో రిపోర్టుగా రాయమంటాం. ఆ కార్యకర్త ఎవరితో చెప్పుకోవాలి? ఇంట్లో చెప్పలేరు, ఊళ్లో చెప్పకూడదు. నెలకు ఒకసారి, పనుల లెక్క అడగకుండా, పని ఎలా ఉందో మాత్రమే అడిగే ఒక సంభాషణ ప్రతి కార్యకర్తకూ దక్కాలి. అది పై అధికారితోనే కానక్కర్లేదు. దగ్గరి ఊళ్లలో పనిచేసే నలుగురైదుగురు కార్యకర్తలు కలిసి కూర్చునే సగం పూట అయినా చాలు, కాని ఆ సగం పూట పని గంటల్లోనే ఉండాలి, దారి ఖర్చులు సంస్థే ఇవ్వాలి. "మీలో మీరు కలుసుకుంటూ ఉండండి" అని చెప్పి వదిలేస్తే అది జరగదు.

సంస్థను స్థాపించినవారికి ఒక మాట, గౌరవంతోనే చెబుతున్నాను. మీరు సెలవు తీసుకోకుండా పనిచేశారు, మీ ఇంటిని సంస్థకు ఇచ్చారు, మీ ఆరోగ్యం పట్టించుకోలేదు. ఆ త్యాగం లేకపోతే చాలా సంస్థలు ఉండేవే కావు. కాని ఆ త్యాగాన్ని కొలబద్దగా పెడితే మీ పక్కన ఎవరూ నిలవలేరు. మీరు స్వచ్ఛందంగా ఎంచుకున్నది వాళ్లకు ఉద్యోగ నిబంధన కాకూడదు. రాసిన సెలవులు మీరు తీసుకోకపోతే ఎవరూ తీసుకోరు. రాత్రి పదకొండుకు మీరు మెయిలు పంపితే జవాబు అవసరం లేదని మీరు ఎంత చెప్పినా అవతలివారు లేచి కూర్చుంటారు.

చివరిగా, వెళ్లిపోయేవాళ్ల గురించి. కార్యకర్త రాజీనామా చేసినప్పుడు మన సంస్థల్లో రెండు రకాలుగా స్పందిస్తారు. ద్రోహం జరిగినట్టు భావించి ఆ మనిషితో మాట్లాడడం మానేస్తారు, లేదా ఆ కుర్చీలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టి మరచిపోతారు. రెండూ సరికావు. చివరి జీతం, రావలసిన బిల్లులు వెళ్లే రోజుకల్లా ఇవ్వాలి. పాలకమండలి సభ్యులు ఒకరు, ఆ కార్యకర్తకు పై అధికారి కానివారు, కూర్చుని ఎందుకు వెళ్తున్నారో అడిగి రాసుకోవాలి, రాసుకున్నదాన్ని తదుపరి పాలకమండలి సమావేశంలో చదవాలి. కొత్తగా వచ్చేవారిని పాత కార్యకర్తే ఊళ్లకు తీసుకెళ్లి పరిచయం చేయడానికి కనీసం రెండు వారాలు ఇద్దరికీ జీతం ఇవ్వగలిగేలా బడ్జెట్ ఉండాలి. పల్లెల్లో మన సంస్థ అంటే ఒక పేరు కాదు, ఒక మనిషి. ఆ మనిషి చెప్పాపెట్టకుండా మాయమైతే, తర్వాత వచ్చేవారు ఊరి నమ్మకాన్ని మొదటి నుంచి సంపాదించుకోవాల్సి వస్తుంది. ఇక్కడున్న పాలకమండలి సభ్యులు వచ్చే బడ్జెట్ సమావేశంలో ఈ రెండు వారాల ఖర్చును ఒక పద్దుగా చేర్చమని అడగండి. ఎంత అవుతుందో మీ లెక్కల మనిషి అప్పటికప్పుడే చెప్పగలరు.